ఇంజన్ మూతకు రెండో పక్క

ప్రతి ఉదయం లువాస్ ట్రామ్ ఎక్కడానికి వెళ్ళేముందు మల్లేశ్ గారు అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో ఒక్క నిమిషం ఆగుతారు. అక్కడ గోడ పక్కన ఆయన తెల్ల కారు ఉంటుంది. కారు వెనక భాగంలో, ఇంజన్ మూత మీద, కిటికీ రెక్కల్లా వరుసగా సన్నని పలకలుంటాయి. ఇంజన్ వేడి వాటి సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి గాలికి ఆ సందుల్లో ఇరుక్కున్న ఆకుల్ని ఆయన ఒక్కొక్కటే తీసి కోటు జేబులో వేసుకుంటారు. కింద పారేయరు. పారేస్తే మళ్ళీ గాలికి అక్కడికే వస్తాయని ఆయన నమ్మకం. జేబులో వేసుకున్న సంగతి ఆఫీసుకు చేరేసరికి మరిచిపోతారు. బట్టలు ఉతికేరోజు ఆయన భార్య సుగుణ గారు ఆ జేబులు తిరగేసి, "చూడమ్మా, మీ అంకుల్ అడివంత మోస్కొచ్చిండు" అని నాకు చూపించేవారు. 2018లో నేను డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లో వాళ్ళింట్లోనే ఒక చిన్న గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్నాను.

మల్లేశ్ గారిది జగిత్యాల. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేశారు. చదివింది ఇంజన్ల గురించి, బతుకు మాత్రం కంప్యూటర్లు చూపించాయి. అందరితో పాటు అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి, హైదరాబాదులో కొన్నేళ్ళు పనిచేసి, 2006లో డబ్లిన్ వచ్చారు. ఆఫీసుల మీద ఆఫీసులు లేస్తున్న రోజులు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆయన ఉద్యోగం. మూడేళ్ళు అదే పని చేశాక, కంటికి కనిపించే వస్తువునొకదాన్ని బాగుచేయాలనిపించి, అప్పటికే పాతబడిన ఈ జపాన్ కారు కొన్నారు. రెండే సీట్లు. ఇంజన్ ముందూ కాదు, చివరా కాదు, సీట్లకూ వెనక చక్రాలకూ మధ్యలో ఉంటుంది.

కారు చూడటానికి ఊరికి అవతలి కొసన ఉన్న స్వోర్డ్స్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన స్నేహితుడు కొండల్ రావు దాని చుట్టూ మూడుసార్లు తిరిగారట.

"గిదేం బండి బై? ముందట ఇంజన్ లేదు, ఎనక సీటు లేదు. బియ్యం బస్తా యాడ పెడ్తవ్?"

"పక్క సీట్ల పెడ్త."

"మరి చెల్లె యాడ కూసుంటది?"

"చెల్లెకు బస్సు పాస్ ఉంది" అని పై కిటికీలోంచి సుగుణ గారు జవాబిచ్చారట. ఆవిడ మల్లేశ్ గారికి సొంత మేనమామ కూతురు. పెళ్ళై ఇరవై ఏళ్ళు దాటినా "బావా" అనే పిలుస్తారు.

ఆ కారులో ఏ చిన్న పని చేయాలన్నా ముందు ఇంజన్ మూత తీయాలి. అది రేకే, పెద్ద బరువేం కాదు. కాని వెడల్పు ఎక్కువ, ఒక్కరికి చేతికందదు. ముందు అద్దం, పక్కన రంగు. ఎక్కడ తగిలినా గీత పడుతుంది. మూతను బండికి కలిపి ఉంచేవి రెండు ఇనుప కబ్జాలు, తలుపుకు ఉండేలాంటివే. ఒక్కోదాని పాదం బండి రేకు మీద రెండు బోల్టులతో బిగుస్తుంది, మూత తీస్తే కబ్జాలు దానితోనే వస్తాయి. బోల్టు రంధ్రాలు కాస్త వెడల్పుగా ఉంటాయి కాబట్టి, బిగించేటప్పుడు గోరంత అటో ఇటో జరిగినా మూత ఒక పక్క రాసుకుంటుంది, వెనక గొళ్ళెం పడదు. అందుకని విప్పేముందు కబ్జా పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీయాలి. తిరిగి ఆ గీతల్లోనే కూర్చోబెట్టాలి.

ఇంకో నియమం కూడా ఉంది. ఎత్తే ఇద్దరూ మూతను చూడకూడదు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవాలి. తన వైపే చూసుకుంటే ఎదుటివాడి పక్క ఎప్పుడు వంగిందో తెలియదంటారు మల్లేశ్ గారు. ఏటా వసంతంలో ఆయనా కొండల్ రావు గారూ అలాగే కళ్ళలో కళ్ళు పెట్టి మూత ఎత్తేవారు.

"గింత సేపు నా పెండ్లాం కండ్లలకు గూడ సూడలే బై" అని కొండల్ రావు గారు నవ్వేవారు.

"నవ్వకు. ఒంగుతుంది."

సుగుణ గారిని మాత్రం దానిమీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. ఒక్క దసరా నాడు తప్ప. ఆ రోజు బండికి పూజ ఆవిడది. బయట నాలుగు బొట్లు పెట్టి ఊరుకుంటే ఆవిడకు తృప్తి ఉండేది కాదు. "పని జేసేది ఇంజన్. బొట్టు రేకుకు పెడితె ఏం లాభం?" అని మూత తెరిపించేవారు. ఇంజన్ ఎదురుగా ఉన్నా నూనె జిడ్డుకు పసుపు అంటేది కాదు. అందుకని మూతను పట్టి ఉంచే కబ్జాకు తడి పసుపు పూసి, పైన కుంకుమ అద్దేవారు. అదీ ఎడమ కబ్జాకే. కుడి పక్క గోడ అడ్డం.

"తెల్ల పెయింటే అది. మరక పడ్తది" అని ఆయన ఏటా గొణిగేవారు.

"పడనీ. దేవుని మరకనే గద."

మర్నాడు ఆయన గుడ్డతో తుడిచేవారు. మూత కింద ఎండ తగలదు కాబట్టి పసుపు వెలిసిపోయేది కాదు. పైగా ఇంజన్ వేడి. తుడిచి తుడిచి, కొన్నేళ్ళకు తుడవడం మానేశారు.

ఆ ఏడాది, 2018 ఫిబ్రవరిలో, ఒక ఉదయం మల్లేశ్ గారి చేతిలోంచి చాయ్ కప్పు జారిపోయింది. వంగి పెంకులు ఏరబోతే వేళ్ళు మాట వినలేదు. బోమాంట్ ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. మెదడులో చిన్న రక్తనాళం మూసుకుపోయిందన్నారు. మాట పోలేదు, నడక పోలేదు. కుడి చేతి పట్టు పోయింది. వేలితో సూటిగా దేన్నైనా చూపించబోతే చెయ్యి వణికేది. ఆఫీసువాళ్ళు వారానికి మూడు రోజులు వస్తే చాలన్నారు. కొన్నాళ్ళకు డాక్టర్లు కారు నడపవచ్చన్నారు కాని ఆయనే తాళం ముట్టుకోలేదు. ఆకులు మాత్రం ఏరేవారు, ఎడమ చేత్తో.

సెప్టెంబరులో ఒక పొద్దున అలా ఆకులు ఏరుతుంటే, మూత అంచున వేలికి తుప్పు తగిలింది. లోపలివైపు రేకును తినేసింది. నవంబరులో ఎన్‌సీటీ ఉంది, అంటే పాత బండ్లకు ఏటా జరిగే పరీక్ష. ఆలోగా మూత తీసి, తుప్పు గీకి, రంగు వేసి, మళ్ళీ బిగించాలి. బతుకమ్మ మొదలయ్యే ముందు ఆదివారం కొండల్ రావు గారు వచ్చారు.

"పెన్సిల్ ఇయ్యి, నేను గీస్త" అన్నారు కొండల్ రావు గారు.

"నువ్వు పట్టుకో సాలు. నేను గీస్త."

వంగి, కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, రెండు కబ్జాల చుట్టూ చాలాసేపు గీశారు. కొండల్ రావు గారు ఆకాశం చూస్తూ నిలబడ్డారు. బోల్టులు విప్పాక ఇద్దరూ కళ్ళలో కళ్ళు పెట్టి ఎత్తారు. రెండడుగులు వేశాక మల్లేశ్ గారి కుడి చెయ్యి సడలింది. కొండల్ రావు గారు మోకాలు అడ్డం పెట్టి మూతను ఆపారు. ఆయన ఆ రోజు జోకులేం వేయలేదు. ఇంజన్ మీద నీలం టార్పాలిన్ కప్పాక మాత్రం మెల్లగా అన్నారు:

"నాకిచ్చెయ్ బై. నీ లెక్కనే చూస్కుంట. నువ్వెప్పుడు రమ్మంటె అప్పుడు తెచ్చి ఎక్కించుకుంట."

మల్లేశ్ గారు ఆ సాయంత్రం అన్నం తింటూ సుగుణ గారితో చెప్పారు. "దసరా నాడు మూత బిగిస్త. నా చేతుల తోటి అయితె బండి ఉంటది. కాకపోతె ఆ పొద్దుమీకి కొండల్ జమ్మి ఇయ్యనీకె వస్తడు గద. తాళం ఇచ్చి పంపుత."

"మంచిగుంది నీ పందెం" అని మాత్రం అన్నారు సుగుణ గారు. పళ్ళేలు తీసి సింకులో పెట్టి చాలాసేపు నీళ్ళు వదిలారు.

మూత పది రోజులకు పైగా హాల్లో ఉంది. పాత బొంత పరిచి, దాని మీద బోర్లా పడుకోబెట్టారు. బతుకమ్మ పాటలు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు దాని చుట్టూ సర్దుకుని కూర్చున్నారు. "మీ ఇంట్ల పేషెంట్ ఎట్లుండు?" అని ఒకావిడ మూతను చూపించి అడిగింది. మల్లేశ్ గారు రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చుని గరుకు కాగితంతో తుప్పు రుద్దేవారు. వేళ్ళు బలపడటానికి ఫిజియోథెరపిస్టు ఇచ్చిన రబ్బరు బంతి టీవీ పక్కన దుమ్ము పట్టిపోయింది. గరుకు కాగితం మాత్రం రోజుకొకటి అరిగేది. చివరికి లోపలి అంచుకు తెల్ల రంగు వేశారు. కూతురు ఉజ్వల ఫోటో తీసి, "లుక్స్ గ్రాండ్, డాడ్" అంది. ఆయన ముఖం ఎంత వెలిగిందో ఆ అమ్మాయి చూడలేదు, ఫోన్‌లో ఉంది.

దసరా నాడు వాన లేదు. ఉజ్వల స్కూలుకు పోతూ, "జస్ట్ వెయిట్ ఫర్ కొండల్ అంకుల్, ఓకే?" అని చెప్పి పోయింది. కొండల్ రావు గారికి ఎయిర్‌పోర్టు దగ్గరి ఆఫీసులో సాయంత్రం దాకా పని. మల్లేశ్ గారు ఆగదలుచుకోలేదు. ఆగితే కొండల్ రావు గారి చేతులతో బిగించినట్టవుతుంది.

పది గంటలకు సుగుణ గారూ ఆయనా మూతను రెండు పక్కలా పట్టుకుని లిఫ్టులో దించారు. నేను వంటింటి కిటికీ దగ్గర గారెల పిండి కలుపుతున్నాను. మాది మొదటి అంతస్తు. పార్కింగులో మాటలన్నీ పైకి వినిపిస్తాయి.

టార్పాలిన్ తీసిన చప్పుడు. 

"గీతలేవే?" అన్నారు మల్లేశ్ గారు.

"ఏ గీతలు?"

"కబ్జాల కాడ గీసిన గద, పెన్సిల్ తోటి."

 పూజ బండి కదా అని సుగుణ గారు తెల్లవారుతూనే దిగి, కారంతా కడిగి, టార్పాలిన్ ఎత్తి కబ్జాలు కూర్చునే రేకును కూడా గిన్నెల సబ్బుతో తుడిచి వచ్చారు.

"గవ్వా... చిన్నపోరలు గీకినట్టు వంకర టింకరగుంటె, ఎవరో పిల్లలు గీసిండ్రనుకున్న బావా. తుడిచేసిన." మళ్ళీ ఆవిడే అన్నారు: "నువ్వు గీస్తె స్కేలు పెట్టినట్టుంటయి గద!"

"ఉండేటియి" అన్నారు మల్లేశ్ గారు.

నేను పిండి కలపడం ఆపేశాను.

అయినా ఆయన ప్రయత్నించారు. అద్దం మీద బొంత కప్పి, సుగుణ గారిని గోడ పక్కకు పంపారు. "మూతను చూడకు. నన్ను చూడు" అన్నారు. ఆవిడ ఆయన్నే చూశారు. ఎత్తారు. ఆయన కుడి చెయ్యి వణకడం మొదలవగానే ఆవిడ తన పక్కను రెండంగుళాలు పైకి లేపి బరువును తన వైపు తీసుకున్నారు. చూసేవాళ్ళకు తెలియనంత కొంచెమే. కబ్జాలు బండి మీద కూర్చున్నాయి. అందాజు మీద బోల్టులు ఎక్కించి, మెల్లగా మూశారు. ఎడమ పక్క రేకు రేకును రాసి కీచుమంది. కుడి పక్క బొటనవేలు దూరేంత సందు. గొళ్ళెం పడలేదు. విప్పి, జరిపి, మళ్ళీ బిగించారు. ఈసారి కుడి పక్క రాసింది. మూడోసారి పానా ఆయన చేతిలోంచి జారి ఇంజన్ కింద పడింది. సుగుణ గారు కారు కిందికి చెయ్యి పెట్టి తీసి ఇచ్చారు. ఆయన తీసుకోలేదు. పోయి ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నారు.

"కొండల్‌కు ఫోన్ చెయ్యి. ట్రెయిలర్ తెచ్చుకొమ్మను. మూత ఊడదీసే తీస్కపోవాలె."

"చేస్త" అన్నారు సుగుణ గారు. "బొట్టు పెట్టి చేస్త. పూజ కాకుండ పండుగ నాడు ఇంట్లకెళ్ళి బండిని పంపుతమా?"

ఆవిడ మూతకు ఊతకడ్డీ పెట్టి నిలబెట్టి, బొట్టు కోసం ఎడమ కబ్జా దగ్గర వంగారు. కబ్జా ఎప్పటిలా ఉన్న చోట లేదు, బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియలేదని తర్వాత నాతో చెప్పారు. పసుపు గిన్నె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయారు. పాత బొట్టు ఎక్కడుందా అని, పానా పడని ఆ బోల్టుల్ని చేత్తోనే వదులు చేసి కబ్జాను జరిపి చూశారు.

"బావా. ఇటు రా."

"ఏందే?"

"రమ్మంటున్న గద. నీ గీతలైతె తుడిచిన గని, నా గీతలు పోలె."

తొమ్మిదేళ్ళ పసుపు. ఏటా కబ్జా మీద పూసినప్పుడు కారి, దాని పాదం చుట్టూ చేరి, ఇంజన్ వేడికి ఆరి, తెల్ల రంగులోకి దిగిపోయింది. పాదం కింద పడలేదు. చుట్టూ పసుపు, మధ్యలో పాదమంత తెల్లటి జాగా, అంచులతో సహా. గిన్నెల సబ్బుకు పెన్సిల్ గీత పోయింది, ఇది పోలేదు. మధ్యాహ్నం నేను దిగినప్పుడు సుగుణ గారు మూత తెరిపించి చూపించారు. కబ్జా చుట్టూ సన్నని పసుపు అంచు, కొలిచి గీసినట్టే ఉంది.

మల్లేశ్ గారు ఆ అంచు మీద కుడి చేతి చూపుడువేలు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పారట. 

"మరి కుడి పక్క?" అన్నారాయన. కుడి పక్క గోడ. అక్కడ ఆవిడ ఎప్పుడూ బొట్టు పెట్టలేదు.

"ఒక కాలు దొరికింది గద. రెండోది ఎతుకుదాం."

ఎడమ కబ్జాను ఆ తెల్లటి జాగాలో కూర్చోబెట్టి బిగించారు. కుడి కబ్జా బోల్టులు వదులుగా ఉంచి, ఊతకడ్డీ తీసి మూత దించారు. కుడి పక్క సందు సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఏదైనా సన్నటిది కావాలి. ఆయన జేబులు తడుముకున్నారు, ఆకులే ఉన్నాయి. సుగుణ గారు గోడకూ కారుకూ మధ్య పక్కకు తిరిగి దూరి, చేతి గాజు ఒకటి తీసి దాని అంచు సందులో పెట్టారు.

"ఏయ్, గీత పడ్తదే!"

"మట్టి గాజే. మెల్లగ పోనిస్తున్న, ఆగు. ఎడమ పక్క గాజు మంచిగనే పోయింది, చూస్కున్న. ఈడ ఎనకకు వచ్చేసరికి ఆగింది."

"ఎంతల ఆగింది?"

"ఎనక కొసకు జానెడు దూరంల."

"అయితె మూత నీ దిక్కు వచ్చింది. ఇటు నూకు. మెల్లగ. గోరంత."

"గోరంతనా, వేలంతనా?"

"గోరంత అన్న గద!"

"నీ గోరా, నా గోరా?"

ఆయన నవ్వారు. కిటికీ దగ్గరికి నవ్వు వినిపించింది. ఫిబ్రవరి తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

గాజు ముందునుంచి వెనకదాకా ఆగకుండా పోయింది. సుగుణ గారు మూత ఎత్తి పట్టుకుంటే ఆయన గోడ సందులోకి వంగి కుడి కబ్జాకు పానా పెట్టారు. ఎడమ చేత్తో తిప్పారు, కుడి చేత్తో పానా జారకుండా ఆనించారు. చివరి బోల్టుకు చెయ్యి అందలేదు. మూత తను పట్టుకుని పానా సుగుణ గారికి ఇచ్చారు. ఆ కారు మీద ఆవిడ పానా పెట్టడం అదే మొదలు.

"ఇంకా తిప్పాల్నా?"

"సాలు. ఎక్కువ తిప్పితె మర పోతది."

మూత దించారు. ఆయన రెండు అరచేతులూ దాని మీద ఆనించి నొక్కారు. టక్కుమని గొళ్ళెం పడింది.

వెంటనే తెరవమన్నారు సుగుణ గారు, బొట్టు పెట్టలేదని. ఆయన తెరిచారు. ఈసారి ఆవిడ గోడ సందులోకి వెళ్ళి కుడి కబ్జాకు కూడా పసుపు పెట్టారు. "చుట్టూ మంచిగ పూయి" అని ఆయనే చెప్పారు.

సాయంత్రం కొండల్ రావు గారు జమ్మి ఆకు పట్టుకుని వచ్చారు. ఇక్కడ జమ్మి దొరకదు, స్వోర్డ్స్‌లో ఒక పెరటి చెట్టు ఆకులనే తెచ్చారు. అందరికీ ఇచ్చి, గారెలు తిని, చెయ్యి కడుక్కున్నాక మెల్లగా అడిగారు.

"మరి నా బండి?"

"ఏ బండి?" అన్నారు మల్లేశ్ గారు.

"నువ్వే బిగించినవా?"

 నా చేతుల తోటి అయితేనే అన్న పందెం అందరికీ గుర్తుంది. సుగుణ గారు అలమరలోంచి చాయ్ కప్పులు తీస్తూ ఆగారు.

"మేం బిగించినం" అన్నారాయన.

కొండల్ రావు గారు కారు దగ్గరికి దిగి, మూత చుట్టూ వేలు పోనిచ్చి చూసి వచ్చారు. "నా మీద అలుగుతవో ఏమో గని బై, నేను పట్టినప్పటి కంటె మంచిగ కూసుంది" అన్నారు. తర్వాత సుగుణ గారివైపు తిరిగి, "చెల్లె, ఎత్తేటప్పుడు వీని కండ్లలకు చూసినవా?" అని అడిగారు.

"ఇరవై మూడేళ్ళకు ఒక్కపారి చూడమన్నడు. చూసిన."

నవంబరులో కారు పరీక్షకు పోయింది. నడిపింది కొండల్ రావు గారు. సుగుణ గారి దగ్గర అప్పటికి పదేళ్ళుగా లర్నర్ పర్మిట్ ఉంది, గడువు ముగిసినప్పుడల్లా తిరిగి రాయించుకోవడమే తప్ప ఎప్పుడూ డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళలేదు. ఆ చలికాలం పాఠాలు మొదలుపెట్టారు. మొదటిసారి రౌండెబౌట్ దగ్గర తప్పారు. రెండోసారి పాసయ్యారు. నేర్చుకునేటప్పుడు పక్క సీట్లో మల్లేశ్ గారు కూర్చుని, గేరు మార్చాల్సినప్పుడల్లా తన మోకాలి మీద కుడి చెయ్యి కదిపేవారట. ఆ చెయ్యి ఇప్పుడు కప్పు పట్టుకుంటుంది, పెన్సిల్ మాత్రం ఇంకా వంకరగానే పోతుంది.

నా చదువు అయిపోయి నేను వేరే ఊరికి మారాను. కిందటి నెల పండక్కి ఫోన్ చేస్తే ఆదివారం కనుక ఇద్దరూ సముద్రం దాకా పోయి వచ్చామని చెప్పారు. ఏటా వసంతంలో మూత ఇద్దరే తీస్తారు, ఇద్దరే బిగిస్తారు. పెన్సిల్ వాడటం లేదు. కారు ఇన్సూరెన్స్ ఇప్పుడు సుగుణ గారి పేరు మీద ఉంది.